పెద్దవ్వ ధూళి దర్శనం

ఆ రోజుల్లో మనిషికి నిద్ర కూడా ఒక అవసరమని నాకు ఎవరూ గట్టిగా చెప్పలేదు. శంషాబాద్‌లో విమానాశ్రయం కొత్తగా తెరిచారు. పొలాలు పోయినవాళ్ల చేతికి డబ్బు వచ్చింది, డబ్బు వచ్చినవాళ్ల వాకిట్లోకి కార్లు వచ్చాయి, ఆ కార్లు నడపడానికి నాలాంటి వాళ్లం వచ్చాం. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను (మా లెక్కల సారు మాత్రం బడే నన్ను మానేసిందనేవాడు, ఆయనకూ నాకూ జవాబులు ఎప్పుడూ కలవలేదు). విమానాలు రాత్రనక పగలనక దిగుతూనే ఉండేవి, మేము స్టీరింగు మీద గడ్డం ఆనించి కునికిపాట్లు పడుతూనే ఉండేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే నా ఇరవయ్యో ఏడాది మొత్తం ఒకే పెద్ద ఆవలింతలా కనిపిస్తుంది.

మా ఓనరన్నది పక్కనే మంఖాల్ ఊరు. మనిషి మంచివాడే, కానీ ఆయనకు ఒక తెల్లకారు ఉండేది. ఆ కారు మీద ఈగ వాలితే 'కాళ్లు కడుక్కొని వచ్చినవా' అని ఈగను నిలదీసే రకం. భుజం మీద ఎప్పుడూ ఒక పసుపుపచ్చ గుడ్డ. ఎవరితో మాట్లాడుతున్నా ఆ గుడ్డతో బండిని ఎక్కడో ఒకచోట రుద్దుతూనే ఉండేవాడు. అవతలివాడు, ఈయన తన మాట వింటున్నాడో, బండిని చూసుకుంటున్నాడో తెలియక సగంలో లేచి వెళ్లిపోయేవాడు. నన్ను పనిలో పెట్టుకొని కొద్ది రోజులే అయింది, ఇంకా పరీక్షగా చూస్తున్నాడు. విమానాశ్రయం లైనులో ఆ తెల్లకారు మీద డ్రైవరుగా పక్కా సీటు దొరికితే నా బతుకు ఒడ్డున పడుతుందని నా నమ్మకం. నా నోరు ఊరుకోదు కాబట్టి ఆయన నాకు 'మైకు' అని పేరు పెట్టాడు. ఆ పేరుతోనే ఒక తెల్లవారుజామున, నేను రాత్రి డ్యూటీ దిగి చెప్పులు విడుస్తుండగా పిలిచాడు.

"మైకూ, చెప్పులు ఇడువకు. అమ్మను శ్రీశైలం తోల్కపోయి తోల్కరా."

"అన్నా, కండ్లు మూతలు వడుతున్నయే."

"దేవుని తొవ్వల నిద్ర రాదురా. నాకు ప్లాటు పంచాది ఉన్నది, మీ వదిన తమ్మునింట్ల ఫంక్షన్ ఉన్నది. ఇగ నువ్వే దిక్కు. పొద్దుగూకెటాలకు ఎయిర్‌పోర్టు కాడ ఉండాలె, దుబాయి నుంచి గెస్టులు దిగుతున్నరు. బండి అద్దం లెక్క మెరవాలె. మెరిసిందా, లైన్ల సీటు నీదే. జర మరక కనవడ్డదా, రేపటి సంది రాకు."

ఇంత స్పష్టంగా నా భవిష్యత్తును నాకు ఎవరూ చెప్పలేదు. నేను చెప్పుల్లో మళ్లీ కాళ్లు పెట్టాను.

ఆయన తల్లిని ఊళ్లో చిన్నా పెద్దా అందరూ పెద్దవ్వ అనేవాళ్లు. మనిషి పిడికెడు. ఒక గుడ్డ సంచి, అందులో జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ కారం. భర్త పోయి సంవత్సరీకం అయ్యాక మొదటిసారి గడప దాటుతోంది. వెనక తలుపు తీసి పట్టుకుంటే నన్ను పక్కకు నెట్టి ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. "ఎనుక కూసుంటె తొవ్వ కనవడది, నీ మొకం గూడ కనవడది. నువ్వు పండుకుంటె నాకెట్ల ఎరుక?" అంది. ఆ మాటలోనే నాకు అర్థం కావలసింది, నా పక్కన కూర్చున్నది ప్రయాణికురాలు కాదు, ఇన్‌స్పెక్టరని.

ఊరు దాటి శ్రీశైలం రోడ్డెక్కగానే ఏసీ వేశాను. అందరూ సంతోషించే చోట ఆమె ముఖం మాడ్చుకుంది.

"గా సల్లగాలి బంద్ చెయ్యి. అద్దాలు దించు."

"అవ్వా, అద్దాలు దించితే దుమ్మొస్తది."

"రానియ్యి. దుమ్ము కోసమే గదరా పోతున్న."

శ్రీశైలం వెళ్లేవాళ్లలో పాతకాలం వాళ్లకు తెలిసిందే. అన్ని గుళ్లలో తలస్నానం చేసి, మడిబట్ట కట్టి దేవుడి దగ్గరికి వెళ్లాలి. మల్లన్న దగ్గర మాత్రం ఒక వెసులుబాటు ఉంది. దారి నడిచి వచ్చినవాడు వచ్చినట్టే, కాళ్లు కూడా కడుక్కోకుండా, ఒంటి మీద దారి దుమ్ముతోనే లోపలికి వెళ్లి ఆయన్ని ముట్టుకోవచ్చు. ధూళి దర్శనం అంటారు. అంత దూరం నుంచి బిడ్డ వస్తే 'ముందు స్నానం చేసి రా' అని ఏ తండ్రి అంటాడని దాని భావమట. పెద్దవ్వ పెళ్లైన కొత్తలో అత్తా మామా మొగుడితో కలిసి అడవి దారిన నడిచి శ్రీశైలం వెళ్లిందట. కొత్త పెళ్లికూతురు కదా, జనంలో చీపురుకట్టలా కనిపించడం ఇష్టంలేక, అందరూ సేదతీరుతుంటే పాతాళగంగలో దిగి శుభ్రంగా స్నానం చేసి, కొప్పు చుట్టుకొని, పూలు పెట్టుకొని గుళ్లోకి వచ్చిందట.

"ఇగ మా అత్త పట్టుకున్నది సూడు నన్ను," అంది పెద్దవ్వ. "కడుక్కొని పోయినదానివి, నీ మొక్కు ఆయనకు ముట్టలే అనుకుంట. వానలు వడకుంటె నేను కడుక్కొని పోయినందుకే. ఎద్దు కుంటితే నేను కడుక్కొని పోయినందుకే. పాలు పొంగితె గూడ నేను కడుక్కొని పోయినందుకే. సచ్చేదాంక అన్నది. ఆమె పోయినంక మా ముసలాయన అందుకున్నడు. నవ్వుకుంట అంటుండె గానీ, అంటుండె గదా. గిప్పుడు ఆయన గూడ పోయె. ఇగ అనేటోళ్లు లేరు. అనేటోళ్లు లేకుంటె మంచిగుంటదనుకున్న గానీ, చెవులల్ల మస్తు గుబులైతున్నది బిడ్డా. ఒక్కపారి దుమ్ముతోని పోయొస్తె ఆ లెక్క తెగుతది."

ఏసీ బంద్ చేసి అద్దాలన్నీ దించాను. కానీ మనసులో లెక్క వేరే నడుస్తోంది. దుమ్ము మనిషి మీద పడాలి, బండి మీద పడకూడదు. ఇదెలా సాధ్యమో తొమ్మిదో తరగతి దాకా ఎక్కడా చెప్పలేదు.

నా అదృష్టమో ఆమె ఖర్మో, రోడ్డు కొత్తగా తారు వేసి నల్లత్రాచులా నిగనిగలాడుతోంది. వేడిగాలి తప్ప ఏమీ రావడం లేదు. పెద్దవ్వ ప్రతి ఊరు దాటగానే మోచేతి మీద వేలితో గీసి, ఆ వేలిని వెలుతురులో పెట్టి చూసుకునేది, అన్నం ఉడికిందా లేదా అని మెతుకు పట్టి చూసినట్టు. "ఏందిరా, ఇంత గూడ లేదు" అని నన్ను కోపంగా చూసేది, రోడ్డు నేనే వేయించినట్టు. నా కళ్లు మండిపోతున్నాయి, మెడ నిలవడం లేదు, త్వరగా చేరి ఎక్కడో చెట్టుకింద పడిపోవాలని ఉంది. అందుకని తెలివి ఉపయోగించాను.

"అవ్వా, గీడ ఆపుత. చేన్ల నుంచి దోసెడు మన్ను తెస్త. మంచిగ నెత్తి మీద జల్లుకో. పనైపోతది."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "పూసుకుంటె ఏషమంటరు. నడుస్తుంటె మీద వడితె ధూళంటరు. మా అత్తకు తెలుస్తది ఆ తేడా."

"అత్త లేదు గదనే!"

"ఇన్నేండ్లు అన్నదానికి ఇది తెల్వదా?" అంది.

కడ్తాల్ దాటాక దేవుడు కరుణించాడు. ఆమెను కరుణించాడు, నన్ను కాదు. రోడ్డు పక్కన పొలాలను ప్లాట్లుగా కోసి వెంచర్లు చేస్తున్నారు. ఎర్రమొరం మట్టి నింపుకున్న టిప్పరొకటి మా ముందు రోడ్డు దిగి, ఒక వెంచరు మట్టిబాటలోకి తిరిగింది. దాని వెనక ఎర్రటి మేఘం లేచింది. పెద్దవ్వ స్టీరింగు మీద చేయి వేసింది. "తిప్పు!"

"అవ్వా, బండి..."

"నా కొడుకు బండిరా గిది. నా మాట ఇంటవా, ఇనవా?"

కొడుకు మాట వింటే సీటు దక్కుతుంది, తల్లి మాట వినకపోతే ఆ కొడుకు ముందు నేను నిలబడలేను. తిప్పాను. జీవితంలో ప్రతి డ్రైవరూ టిప్పరును దాటిపోవడానికి తిప్పలు పడతాడు. దాన్ని దాటకుండా, దాని తోకకు అంటుకొని, అద్దాలన్నీ దించుకొని వెళ్లినవాణ్ణి ఈ దేశంలో నేనొక్కణ్ణే అనుకుంటా. ఎర్రదుమ్ము కిటికీల్లోంచి వచ్చి కూర్చుంది, సీట్లలో కూర్చుంది, నా పళ్ల మీద కూర్చుంది. పెద్దవ్వ కళ్లు మూసుకొని, చేతులు చాపి, వానలో నిలబడ్డ చిన్నపిల్లలా ఉంది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"యాడున్నవ్‌రా?"

"కడ్తాల్ దాటినమన్నా."

"బండి ఎట్లున్నది?"

"కనవడ్తలేదన్నా."

"ఏంది?"

"సిగ్నలన్నా, సిగ్నలు కనవడ్తలేదు" అని పెట్టేశాను. నిజానికి మొదట అన్నది అబద్ధమేమీ కాదు, బానెట్టు నాకు ఆ క్షణాన నిజంగానే కనిపించడం లేదు.

టిప్పరు వేగం పెంచింది. పెద్దవ్వ "పోతున్నది, పోతున్నది!" అని కేక వేసింది. నేనూ పెంచాను. టిప్పరు ఎడమకు తిరిగితే మేమూ ఎడమకు, కుడికి తిరిగితే కుడికి. కొనని ప్లాట్ల మధ్య, నాటిన రాళ్ల మధ్య ఒక చుట్టు తిరిగాక టిప్పరు కీచుమని ఆగింది. అందులోంచి తలకు తువ్వాల చుట్టుకున్న డ్రైవరు దిగి, చేతులు జోడిస్తూనే వచ్చాడు.

"సార్, కాగితాలన్నీ కరెక్టున్నయ్ సార్. జర ఓవర్‌లోడు, గంతే. గరీబోణ్ణి. ఈసారికి ఇడిసిపెట్టుండ్రి సార్."

తెల్లకారులో వచ్చి వెంటబడితే మేము మొరం పట్టుకునే ఆఫీసర్లమని హడలిపోయాడు పాపం. నన్ను జీవితంలో మొదటిసారి సార్ అన్నవాడు అతనే. కాసేపు అలాగే ఉంచుదామనిపించింది. కానీ పెద్దవ్వ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"గట్ల ఉరుకుతవేందిరా? జర మెల్లగ పో. నీ దుమ్ము మాకు సక్కగ అందుతలేదు."

అతను పెద్దవ్వను చూశాడు, నన్ను చూశాడు, చెవి దగ్గరికి వచ్చి అడిగాడు. "అన్నా, అవ్వకు దిమాకు గిట్ల...?"

"మంచిగనే ఉన్నది. నాదే కరాబైంది" అని జరిగినదంతా చెప్పాను. విన్నంతసేపూ ముఖం గంభీరంగా పెట్టి, ఆఖర్న తువ్వాల తీసి చంకలో పెట్టుకున్నాడు. "అరె, ముందే జెప్తే ఏమైతుండె? మా అమ్మ గూడ గిదే ముచ్చట చెప్తుండె. కూసో అవ్వా, ఎంత గావాలె? పెద్ద చుట్టు కొడ్త" అన్నాడు. కిలో ఎంత, తులం ఎంత అన్నట్టు. తర్వాత అతను కొట్టిన చుట్లు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. పోయేముందు "నా పేరున గూడ ఒక మొక్కు మొక్కు అవ్వా" అన్నాడు. పెద్దవ్వ దుమ్ము చేతిని అతని నెత్తిన పెట్టింది. అతనికి ఆ దుమ్ము కొత్తేమీ కాదు గానీ, కళ్లు మూసుకొని తీసుకున్నాడు.

మేము మళ్లీ తారురోడ్డు ఎక్కేసరికి తెల్లకారు లేదు. బాలాపూర్‌లో వినాయకుడి లడ్డు వేలం అయ్యాక ఊరేగింపులో గులాలు తిని వచ్చే బండి ఎలా ఉంటుందో అలాంటిదొకటి ఉంది. లోపల ఇద్దరు ఎర్రమనుషులు. నా పక్కా సీటు ఆ వెంచరులో ఏ ప్లాటు కిందో పూడుకుపోయిందని నాకు అర్థమైంది. ఆశ పోయాక ఒక మేలు ఉంది, భయం కూడా పోతుంది, మిగిలేది నిద్ర ఒక్కటే. మన్ననూరు దాటి అడవిలోకి ప్రవేశించాక చెట్లూ రోడ్డూ ఎండా కలిసి నన్ను జోకొట్టడం మొదలుపెట్టాయి. పెద్దవ్వ నా తొడ మీద గిల్లేది. "మైకంటరు గదరా నిన్ను, మాట్లాడు!" నేను మాట్లాడేవాణ్ణి. ఏం మాట్లాడానో గుర్తు లేదు. లెక్కల సారు గురించి, దుబాయి గెస్టుల గురించి, కోతుల గురించి. ఆమె నీళ్లు తాగేటప్పుడు కూడా బాటిలు పైకెత్తి, ఒక్క చుక్క గడ్డం మీద పడకుండా తాగేది. చెమట కారి నా ముఖం మీద వాగులు వంకలు తిరిగాయి. తుడుచుకోబోతే చేయి మీద ఒక్కటిచ్చింది. "నీది గూడ ధూళే. ఉండనియ్యి."

డ్యాము దాటి, ఘాటెక్కి, సాక్షి గణపతి దగ్గర ఆగాం. చేతిలో పుస్తకమూ కలమూ పట్టుకొని, మనం శ్రీశైలం వచ్చినట్టు హాజరు వేసుకునే దేవుడు. బడిలో నేను హాజరు పలికిన రోజులు తక్కువ. ఇక్కడ మాత్రం "వచ్చిన సారూ" అని గట్టిగా పలికాను. ఆమెను మల్లన్న గుడి దగ్గర దింపి, తను దర్శనం చేసుకొచ్చేలోపు బండి కడుక్కోవాలన్నది నా ఆఖరి పథకం. కానీ అక్కడ బండి దిగగానే ఆమె నా చొక్కా పట్టుకుంది. ఆ జనాన్ని చూసి మనిషి సగమైంది. అప్పటిదాకా టిప్పర్లను తరిమిన మనిషే. "నువ్వు గూడ రా బిడ్డా. నేనెప్పుడు ఒక్కదాన్ని పోలే" అంది. బండి వైపు ఒకసారి చూసి, ఆమె వెంట నడిచాను.

క్యూలో మా ముందు కోస్తా వైపు కుటుంబం ఒకటి ఉంది. తలస్నానాలు చేసి, కొత్త బట్టలు కట్టుకొని కమ్మగా ఉన్నారు. వాళ్లలో ఇంటాయన పంచె అంచు ఎత్తిపట్టుకొని వెనక్కి తిరిగాడు. "మామ్మగారూ, ఏమనుకోకండి. కాస్త స్నానం చేసి రావచ్చు కదండీ? చీరలకి అంటుకుంటోందండి."

"అంటనియ్యి బిడ్డా. మీకు ఉత్తగనే వస్తున్నది. మేము మస్తు తిరిగి సంపాయించినం."

ఆయన భార్య చటుక్కున నోటి మీద చేయి వేసుకుంది. "ధూళి దర్శనం అండీ! మా నాయనమ్మ చెప్పేది. మనమే మర్చిపోయి పొద్దున్నే గంగలో మునిగొచ్చాం" అని భర్తను ఒక చూపు చూసి, వంగి పెద్దవ్వ కొంగు అంచు పట్టుకొని, ఆ దుమ్ము కాస్త నుదుట రాసుకుంది. ఆ తర్వాత ఆయన మెల్లగా పంచె అంచు వదిలేశాడు. క్యూ మాత్రం కదలలేదు. నేను నిలబడే నిద్రపోయాను. ఎవరో తోస్తే నడిచాను, ఎవరో ఆపితే ఆగాను. నన్ను నడిపించింది నా మోచేయి పట్టుకున్న ఆ పిడికెడు చేయే. నేను ఆమెకు తోడు వచ్చానన్నది పేరుకే.

పండగ రద్దీ లేని రోజు కాబట్టి లోపల ముట్టుకోనిచ్చారు. చల్లటి చీకటి, తడి రాయి, నూనె వాసన. పెద్దవ్వ మోకాళ్ల మీద కూర్చొని, రెండు చేతులూ లింగం మీద పెట్టి, నుదురు ఆనించింది. మొక్కులు పెద్దవి ఉంటాయనుకున్నాను. కొడుకు, కోడలు, ప్లాటు పంచాయితీ. ఆమె అన్నది ఒకటే. "సూడు తండ్రీ, కడుక్కోలే. మా అత్తకు చెప్పు. ఆయనకు గూడ చెప్పు." పూజారి చెంబుతో నీళ్లు పోశాడు. ఆమె వేళ్ల కింద నుంచి సన్నగా ఎర్రటి ధార ఒకటి జారి, అభిషేకం నీళ్లలో కలిసిపోయింది. నన్ను ఏమైనా కోరుకోమంది. సీటు అడుగుదామనుకున్నాను. వంగి చేయి పెట్టాక ఆ రాయి చల్లదనానికి అన్నీ మర్చిపోయి, "కొంచెం పడుకోనివ్వు సామీ" అని మాత్రం అనగలిగాను.

తిరుగు దారిలో ఆమె హాయిగా నిద్రపోయింది. నేను బండి కడిగే దుకాణం కోసం చూస్తూ వచ్చాను. దుకాణాలున్నాయి, కరెంటు లేదు. కల్వకుర్తిలో లేదు, ఆమనగల్లులో లేదు. ఒకచోట పైపు పట్టుకొని కూర్చున్నవాడు "రాత్రికస్తది అన్నా, ఆగుతవా?" అన్నాడు. దుబాయి విమానం ఆగదు కదా. అలాగే పోనిచ్చాను. పొద్దుగుంకే వేళకు విమానాశ్రయం మలుపులో ఓనరన్న పసుపు గుడ్డతో నిలబడి ఉన్నాడు. మా బండి ఎదురుగా ఆగినా, ఆయన మా వెనకాల రోడ్డు వైపే చూస్తున్నాడు.

"అన్నా, మేమే."

ఆయన బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. పసుపు గుడ్డ ఎత్తాడు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక దించాడు. "నా బండిని ఏం చేసినవ్‌రా?" అంటూ నా కాలరు మీదికి చేయి వచ్చేసరికి పెద్దవ్వ లేచింది. ఎర్రముఖంలో తెల్లటి కళ్లు, తెల్లటి పళ్లు.

"వాని జోలికి పోకు. నేను చెప్పిన, పోరడు చేసిండు. అరేయ్, మీ నాయినమ్మ మాట ఇయ్యాల్టితోని బందైంది!" అని, చేతులు తట్టి నవ్వడం మొదలుపెట్టింది. టిప్పరు తిరిగిన చుట్లు వేలితో గాల్లో గీసి చూపిస్తూ, కోస్తాయన పంచె ఎత్తుకున్న తీరు చేసి చూపిస్తూ, దగ్గొచ్చేదాకా నవ్వింది. తండ్రి పోయాక ఓనరన్న ఆ ఇంట్లో ఆమె నవ్వు విన్నట్టు లేడు. పసుపు గుడ్డతో తల్లి ముఖం తుడవబోయాడు. ఆమె చేయి తోసేసింది. తన దగ్గరున్న ఇంకో పాత బండిని గెస్టుల కోసం పంపించి, నా వైపు తిరిగాడు.

"లైన్ల సీటు నీకియ్య."

"సరేనన్నా" అన్నాను. అడగడానికి కూడా ఓపిక లేదు.

"అమ్మ వచ్చే సోమారం కాళేశ్వరం పోతదంట. నువ్వే తోలాల్నంట. ఆమె దోస్తులు గూడ వస్తరంట. ఇగ ఈ బండి మీద నువ్వు గెస్టులను ఎక్కించే పని లేదు."

అలా నేను విమానాశ్రయం లైనులోంచి పోయి, మంఖాల్ ముసలమ్మల తీర్థయాత్రల శాఖలో పడ్డాను. ఆ తర్వాత ఎన్ని గుట్టలెక్కానో, ఎంతమంది అవ్వల చేత గిల్లించుకున్నానో చెప్పలేను. ఆ సాయంత్రం వాళ్ల వాకిట్లో నవారు మంచం మీద నేను కూర్చోవడం ఒక్కటే గుర్తుంది. వదిన "ఆ పిల్లగాణ్ణి ముందు తానం చేయుమనుండ్రి, మంచమంత ఖరాబైతది" అనడం, పెద్దవ్వ "పండనియ్యి" అనడం లీలగా వినిపించాయి. ఇప్పుడు నాకు సొంత బండి ఉంది, మధ్యాహ్నం కూడా పడుకునే తీరిక ఉంది, కానీ ఆ నిద్ర మళ్లీ పట్టలేదు. అప్పుడప్పుడు ఆ మంచం దగ్గరికి మనసులో వెళ్లి నిలబడతాను. నోరు తెరుచుకొని, చెప్పులతోనే, తల వెంట్రుకల నుంచి కనురెప్పల దాకా ఎర్రగా, సీటు పోయిన సంగతి కూడా మర్చిపోయి పడి ఉంటాడు ఆ ఇరవయ్యేళ్ల వాడు. ఒక్క జోకు వేసి లేపుదామనుకుంటాను. తల కింద దిండు కూడా లేకుండా వాడు అంత గాఢంగా పడుకున్నాడని చూసి, ఊరికే నవ్వుకొని వచ్చేస్తాను.